బ్యాటరీ పక్కన జానెడు తీగ

విరుదునగర్ మార్కెట్‌లో మిరపకాయలో, పప్పులో, నూనె డబ్బాలో ఎక్కించుకున్న లారీ 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి సాగితే, సాత్తూరు మీదుగా సుమారు 50 కిలోమీటర్లలో కోవిల్‌పట్టి చేరుతుంది. దారికి రెండు పక్కలా నల్లరేగడి. పడమటికి మళ్లితే శివకాశి. మనం ఇంట్లో గీసే అగ్గిపుల్లల్లో చాలా భాగం పుట్టేది ఈ చుట్టుపక్కలే. 1920ల మొదట్లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు కలకత్తా వెళ్లి ఆ పని నేర్చుకొచ్చారు. వానలు సరిగ్గా పడక, సేద్యం గిట్టని నేలకు అదే బతుకుతెరువైంది.

తెలుగువాళ్లకు ఇది పరాయి ప్రాంతమేమీ కాదు. కొన్ని వందల ఏళ్ల కిందట వలస వచ్చిన కుటుంబాలు ఈ పల్లెల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. కోవిల్‌పట్టికి దగ్గర్లోని ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస వంశాల కథను తమిళ నవలగా రాసి 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. రహదారి పక్క వైరింగు షెడ్లలో 'షార్టు', 'ఎర్తు', 'సెల్ఫు', 'డైరెక్టు' అనే నాలుగు మాటలు వచ్చిన మనిషికి తమిళం రాకపోయినా పని జరిగిపోతుంది. ఆ నాలుగు మాటలే ఈ అధ్యాయానికీ ఆధారం.

అగ్గిపెట్టె ఊరి నుంచే మొదలుపెడదాం. పుల్ల తలలో పొటాషియం క్లోరేటు ఉంటుంది, పెట్టె పక్కన పూసిన పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. రెండింటినీ విడదీసి ఉంచడంలోనే తెలివంతా ఉంది. నిప్పు మనం కోరిన చోటే పుట్టాలి, జేబులో పుట్టకూడదు. బండి వైరింగులో ఫ్యూజిబుల్ లింకు అనే జానెడు తీగ చేసేదీ ఇలాంటి ఏర్పాటే, కాకపోతే తలకిందులుగా. ఎక్కడో ఒకచోట తీగ తెగక తప్పని పరిస్థితి వస్తే, ఆ చోటును ముందే మనం ఎంచి పెట్టుకోవడం. అక్కడ తెగినా మంట రాకుండా చూసుకోవడం.

ఇంట్లో బల్బుకు రెండు తీగలు వెళ్తాయి. బండిలో హెడ్‌లైటుకు వెళ్లేది ఒక్కటే. తిరుగుదారి బండి ఒళ్లే. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌ను చాసిస్‌కు బిగించేస్తారు, ఇక ఇంజను, క్యాబిను, బాడీ రేకు అన్నీ నెగెటివే. మెకానిక్కులు దీన్నే బాడీ ఎర్తు అంటారు. దీనివల్ల రాగి సగానికి సగం మిగులుతుంది, కానీ ప్రమాదం రెట్టింపవుతుంది. పాజిటివ్ తీగ మీద తొడుగు ఎక్కడ చిరిగి ఇనుముకు తగిలినా సర్క్యూటు పూర్తయినట్టే. రేకుకు చేసిన రంధ్రంలో రబ్బరు బుష్ ఊడిపోయి తీగ అంచుకు రాసుకోవడం, సైలెన్సరు వేడికి తొడుగు పెళుసెక్కడం, గోదాము దగ్గర నాలుగు రోజులు నిలబెట్టిన బండిలో ఎలుకలు దూరడం. షార్టు అవడానికి ఇంతకన్నా పెద్ద కారణాలేమీ అక్కర్లేదు.

షార్టయితే ఎంత కరెంటు పారుతుంది? 12 వోల్టులే కదా, చేత్తో ముట్టుకున్నా ఏమీ కాదు కదా అని చాలామంది ధీమా. మనిషికి షాకు కొట్టదన్నది నిజమే. కానీ తీగకు కావలసింది వోల్టులు కాదు, ఆంపియర్లు. మంచి స్థితిలో ఉన్న బ్యాటరీ లోపలి నిరోధం ఓమ్‌లో వెయ్యోవంతులు ఐదో ఆరో ఉంటుంది, అంతే. దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మూడు మీటర్లు కలిపి చివర బాడీకి తాకించామనుకోండి. అన్ని నిరోధాలూ కలిపినా ఓమ్‌లో మూడు వందోవంతులు దాటదు. అంటే 400 ఆంపియర్ల పైమాటే. ఆ తీగ మామూలుగా మోసేది ఇరవై, ముప్పై ఆంపియర్లు.

తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని ఇంగ్లండులో జేమ్స్ జౌల్ 1840ల తొలినాళ్లలోనే తేల్చాడు. కరెంటు ఇరవై రెట్లయితే వేడి నాలుగు వందల రెట్లు. ఇక సెకన్ల లెక్కే.

ఇక్కడ ఒక సంగతి తేల్చుకుని ముందుకు వెళ్లాలి. ఫ్యూజు ఉండేది బల్బును కాపాడటానికి అనుకుంటారు. బల్బు మాడిపోతే పోనీ, ఇంకోటి వేసుకుంటాం. ఫ్యూజు కాపాడేది తీగను. తీగల కట్టలో ఒక తీగ ఎర్రగా కాలితే దాని పక్కనున్న ముప్పై తీగల తొడుగులు కరుగుతాయి, అవన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి, ఆ కట్ట డాష్‌బోర్డు వెనక ప్లాస్టిక్, స్పాంజి, తివాచీల నడుమ పోతుంటుంది. బళ్లలో షార్టు నిప్పు ఎక్కువగా రాజుకునేది ఇలాగే.

పాత బ్రిటిష్ కార్ల లూకాస్ వైరింగులో ఫ్యూజులు రెండంటే రెండు ఉండేవి. హెడ్‌లైట్ల వంటివి చాలావరకు ఫ్యూజు లేకుండానే నడిచేవి. అప్పట్లో బండిలో కరెంటుతో పని చేసేవే కొన్ని కాబట్టి చెల్లిపోయింది. కారులో ఏసీ ఫ్యాను, పవర్ విండోలు, టేపు రికార్డరు చేరాక ఫ్యూజు బాక్సు పెద్దదైంది. కానీ ఓ ప్రశ్న మిగిలే ఉంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు బాక్సు దాకా వచ్చే లావు తీగ సంగతేమిటి? దాని ముందు ఫ్యూజు లేదు. అన్ని లైట్ల కరెంటూ, చార్జింగు కరెంటూ మోసేది అదే. 1960ల నుంచి అమెరికా, ఆ తర్వాత జపాను కార్ల తయారీదారులు ఆ ఖాళీలో పెట్టింది ఫ్యూజిబుల్ లింకును.

చూడ్డానికి అది మామూలు తీగే. జానెడు పొడవు, అంతకు మించకూడదు. బ్యాటరీ పాజిటివ్ దగ్గరో, సెల్ఫ్ మోటారు మీది పెద్ద బోల్టు దగ్గరో మొదలై, లావు తీగకు అతుకు పడుతుంది. లోపల సన్నని రాగి పోగులు, చాలావాటిలో తగరం పూత. ప్రత్యేకతంతా రెండే విషయాల్లో ఉంది: తాను కాపాడే తీగకన్నా సన్నగా ఉండాలి, తొడుగు మంట అంటుకోనిదై ఉండాలి.

ఎంత సన్నగా? అమెరికా తీగల కొలతలో నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది; అందులో నాలుగు నంబర్లు ఎక్కువ అని వాడుక సూత్రం. నాలుగు నంబర్లంటే అడ్డుకోత వైశాల్యం 2.5 రెట్లు తగ్గడం. ఈ 2.5 గాల్లోంచి ఊడిపడలేదు, లెక్క వేస్తే అందంగా కుదురుతుంది. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగలో 115 ఆంపియర్లు ఒక సెకను పారితే దాని వేడి 70 డిగ్రీల నుంచి 160 డిగ్రీలకు చేరుతుంది. పీవీసీ తొడుగు షార్టు సమయంలో తట్టుకునే హద్దు అదేనని కేబుళ్ల ప్రమాణాలు చెబుతాయి. అదే తీగను రాగి కరిగే 1085 డిగ్రీల అంచుకు ఒక సెకనులో తీసుకెళ్లాలంటే సుమారు 285 ఆంపియర్లు కావాలి. 285ని 115తో భాగించండి. 2.5కు కాస్త అటూఇటూ వస్తుంది.

దీని అర్థం ఏమిటంటే, షార్టు కరెంటు 400 అయినా 800 అయినా, లింకులో రాగి కరిగే స్థితికి రావడమూ, అసలు తీగ తొడుగు తన హద్దు చేరడమూ ఇంచుమించు ఒకే క్షణంలో జరుగుతాయి. మన ఉదాహరణలో 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు ఒక చదరపు మిల్లీమీటరు లింకు వేశామనుకుంటే, 400 ఆంపియర్ల దగ్గర రెండింటికీ పట్టే కాలం అర సెకను. రాగి పూర్తిగా కరగడానికి మరికొంత వేడి కావాలన్నది నిజమే, కానీ తీగ ప్రతిసారీ 70 డిగ్రీల దగ్గర మొదలవదు కాబట్టి ఆ పక్కనా కొంత వెసులుబాటు ఉంటుంది. లింకును ఇంకా లావు చేస్తే ముందు తీగ మాడుతుంది. మరీ సన్నం చేస్తే అయినదానికీ కానిదానికీ తెగిపోయి నడిరోడ్డు మీద బండి ఆపేస్తుంది. షెడ్డులో ఈ లెక్క ఎవరూ వేయరు, వేయనక్కర్లేదు కూడా. మన బజార్లో తీగలు 1, 1.5, 2.5, 4, 6, 10 చదరపు మిల్లీమీటర్ల కొలతల్లో దొరుకుతాయి. ఈ వరసలో రెండు మెట్లు కిందికి దిగితే చాలు: 10కి 4, 6కి 2.5, 4కి 1.5. ఎవరు పేర్చారో గానీ వరస బాగా కలిసొచ్చింది.

తీగ సన్నబడితే ముందు అక్కడే తెగుతుందన్న ఆలోచన పాతదే. ఫ్రాన్సులో లూయీ బ్రెగే 1847లో టెలిగ్రాఫ్ కార్యాలయాలను పిడుగుల నుంచి కాపాడటానికి సన్నని తీగ ముక్కను లైనులో కలపమని చెప్పాడు. 1880లలో బ్రిటిష్ తపాలా శాఖ ఇంజినీరు విలియం ప్రీస్ రకరకాల లోహపు తీగలను కరిగించి చూసి, కరిగే కరెంటు తీగ వ్యాసం ఒకటిన్నర ఘాతాన్ని బట్టి ఉంటుందని సూత్రం ఇచ్చాడు. ఒక మిల్లీమీటరు వ్యాసమున్న రాగి తీగ గాలిలో సుమారు 80 ఆంపియర్ల దగ్గర కరుగుతుంది, అర మిల్లీమీటరుది 28 దగ్గర. ఇవి నిదానంగా కరిగే అంకెలు. షార్టులో అంత నిదానం ఉండదు.

ఇక తొడుగు. లోపల వెయ్యి డిగ్రీల రాగి ద్రవం, బయట ఇంజను గది నిండా నూనె జిడ్డు. మామూలు పీవీసీ అయితే అదే అంటుకుంటుంది. అందుకని చాలాకాలం హైపలాన్ అనే సింథటిక్ రబ్బరు వాడేవారు. దాన్ని తయారుచేసిన డ్యూపాంట్ కంపెనీ 2010లో ఆ తయారీ ఆపేసింది. ఇప్పుడు సిలికోన్ రబ్బరు, ప్రత్యేకంగా గట్టిపరచిన పాలిథిన్ వాడుతున్నారు. ఏదైనా చేయాల్సిన పని ఒకటే: ఉబ్బాలి, బొబ్బలెక్కాలి, కానీ చిట్లకూడదు, మండకూడదు. లోపల కరిగిన రాగి బయటికి కారకూడదు.

కాలిన లింకును కోసి చూస్తే ఇదంతా కనబడుతుంది. తొడుగు ఒకచోట పొట్ట ఉబ్బి, గరుకుగా, రంగు మాసి ఉంటుంది. బ్లేడుతో నిలువునా చీల్చితే పోగులన్నీ ఒక పక్కన కలిసిపోయి ఆవగింజంత రాగి పూసలై ఉంటాయి, మధ్యలో అర అంగుళం ఖాళీ, లోపలి గోడకు నల్లని మసి. అన్నీ ఇంత స్పష్టంగా చెప్పవు. కొన్ని బయటికి చెక్కుచెదరకుండా ఉండి లోపల తెగి ఉంటాయి. దానికి పాతకాలపు పరీక్ష ఒకటుంది: రెండు చివరలూ పట్టుకుని మెల్లగా లాగండి. బాగున్న తీగ సాగదు. రాగి లేనిది రబ్బరు బ్యాండులా సాగుతుంది. ఇంకా నమ్మకం కావాలంటే టెస్టు ల్యాంపు. బ్యాటరీ వైపు వెలిగి, అవతలి వైపు వెలగకపోతే తీర్పు వచ్చినట్టే.

లింకు పోయిన బండి లక్షణం కూడా గుర్తుంచుకోదగ్గదే. బ్యాటరీ నిండుగా ఉంటుంది, కానీ తాళం తిప్పితే ఏ దీపమూ వెలగదు, హారను మోగదు, సెల్ఫు కదలదు. కొత్త డ్రైవరు బ్యాటరీ చచ్చిపోయిందని అనుకుని ఇంకో బ్యాటరీ తెచ్చి కలుపుతాడు. కంగారులో పాజిటివ్, నెగెటివ్ తారుమారు చేసి కలిపితే మరీ ప్రమాదం. చాలా లింకులు చనిపోయేది నిజానికి ఇలాగే. మన వాళ్లు ఇంకా డైనమో అని పిలిచే ఆల్టర్నేటరులో డయోడ్లు ఉంటాయి. బ్యాటరీ తిరగేస్తే అవి దారి తెరిచేసి నేరుగా షార్టు చేస్తాయి. లింకు ఉంటే లింకు పోతుంది. లేకపోతే ఆల్టర్నేటరు పోతుంది.

మరి సెల్ఫ్ మోటారుకు లింకు ఉండదా? ఉండదు. కారు సెల్ఫు నూరు, రెండు వందల ఆంపియర్లు లాగుతుంది. లారీ డీజిలు ఇంజనుది ఇంకా ఎన్నో రెట్లు. అంత కరెంటును రోజుకు పదిసార్లు దాటనిచ్చే లింకు షార్టును గుర్తుపట్టలేదు. కాబట్టి ఆ బొటనవేలంత లావు తీగను పొట్టిగా, మందంగా, కదలకుండా బిగించి ఊరుకుంటారు. బ్యాటరీ నుంచి సెల్ఫు దాకా ఉన్న ఆ దారికి కాపలా లేదు. పానా జారి పాజిటివ్ టెర్మినల్‌కూ బాడీకీ ఒకేసారి తగిలితే పానాయే కరుగుతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు నెగెటివ్ ముందు తీయమనేది అందుకే. అది తీసేశాక పానా ఎక్కడ తగిలినా సర్క్యూటు లేదు.

లింకుకు ఇంకో బలహీనత ఉంది, దాన్ని దాచి పొగడటం మంచిది కాదు. అది నిదానస్తురాలు. గట్టి షార్టుకు అర సెకనులో తెగుతుంది గానీ, మోయాల్సిన దానికన్నా ఒకటిన్నర రెట్లు మోస్తుంటే నిమిషాల తరబడి వేడెక్కుతూనే కూర్చుంటుంది. ఆ నిదానం కొంత మేలే. ఫ్యాను, లైట్లు, హారను ఒకేసారి వేసినప్పుడు ఎగసే క్షణిక కరెంటుకు అది తొణకదు. కానీ ఓవర్‌లోడు నుంచి కాపాడే పని దానికి అప్పగించకూడదు. దాని తర్వాత ఫ్యూజు బాక్సులో సరైన ఫ్యూజు ఉండాలి: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. కొత్త బళ్లలో తీగ లింకు స్థానంలో పెట్టె ఆకారపు స్లో ఫ్యూజులు, బోల్టుతో బిగించే పట్టీ ఫ్యూజులు వచ్చాయి. పేరు మారింది, మార్చడం తేలికైంది, పని అదే.

అసలు గొడవ లింకులో లేదు, 'డైరెక్టు'లో ఉంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, లింకు కాలితే దొరకలేదని మామూలు తీగ ముక్క అతికించడం, ఇది మన రహదారుల మీద వింతేమీ కాదు. డ్రైవరు కష్టం నాకు అర్థమవుతుంది. సరుకు రేపు తెల్లారేసరికి దిగాలి, రాత్రి పదకొండుకు విడిభాగం ఎక్కడ దొరుకుతుంది? కానీ లింకు తెగిందంటే ఎక్కడో షార్టు ఉందని చెప్పినట్టు. దాని స్థానంలో లావు తీగ వేస్తే షార్టు పోదు, తెగే చోటు మారుతుంది. ఈసారి తెగేది మనం ఎంచుకున్న చోట కాదు, అట్టపెట్టెల నిండా అగ్గిపెట్టెలున్న లారీలో ఏ చోటైనా కావచ్చు.

ఇంతకన్నా ఎక్కువగా జరిగేది మరొకటుంది. బాడీ కట్టించేటప్పుడు, పండగ ముందు బండిని అలంకరించేటప్పుడు రంగు లైట్లు, గాలి హారను, ఆంప్లిఫయరు పెట్టించి, వాటి తీగలు నేరుగా బ్యాటరీ బోల్టుకు చుట్టేస్తారు. కంపెనీవాడు జాగ్రత్తగా పెట్టిన లింకును ఇవి చూడను కూడా చూడవు. పదడుగుల తీగ, దారిలో నాలుగు రేకు రంధ్రాలు, ఒక్క ఫ్యూజు లేదు. లారీల్లో రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు చేస్తారు కాబట్టి అదే తీగలో షార్టు కరెంటు దాదాపు రెట్టింపు, వేడి దాదాపు నాలుగింతలు. ఆ 24 వోల్టులతో ఇంకో చిక్కు: రాగి చివరల మధ్య విద్యుత్ చాపం నిలబడాలంటే పన్నెండు, పదమూడు వోల్టులైనా ఉండాలి. 12 వోల్టుల బండిలో లింకు తెగితే చాపం దానంతటదే ఆరిపోయేది. 24లో తెగిన చివరల మధ్య కాసేపు నిలబడుతుంది. మూడు వందల వోల్టులు దాటిన విద్యుత్ కార్లలో ఈ జానెడు తీగ బొత్తిగా పనికిరాదు. అక్కడ ఇసుక నింపిన ఫ్యూజులు, చిన్న మందుగుండు పేల్చి రాగి పట్టీని నరికేసే పైరో ఫ్యూజులు పెడుతున్నారు. శివకాశి పొరుగున ఈ మాట రాస్తుంటే నవ్వొస్తోంది గానీ నిజం.

బండి తగలబడిన ప్రతిసారీ 'షార్ట్ సర్క్యూట్' అని రాసేయడం కూడా సరికాదు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు కల్వర్టును రాసుకుని అంటుకుంది, 45 మంది పోయారు. అక్కడ మండింది డీజిలు ట్యాంకు. ఏ లింకూ దాన్ని ఆపలేదు. లింకు చేయగలిగింది చిన్నది, చవకైనది. అందుకే దాన్ని వదులుకోవడానికి సాకు లేదు.

కాబట్టి బండి ఉన్నవారికి కొన్ని మాటలు. లింకు కాలితే కొత్తది వేయించే ముందు పాతది ఎందుకు కాలిందో వెతికించండి, దొరికేదాకా తాళం తిప్పనివ్వకండి. అదే కొలత, అదే పొడవు, లింకుకని తయారైన తీగే వేయించండి. అతుకును మెలిపెట్టి టేపు చుట్టి వదలకుండా లగ్గు వేసి నొక్కించండి. అదనంగా ఏ లైటు పెట్టించినా బ్యాటరీ నుంచి 18 అంగుళాల లోపు దానికంటూ ఫ్యూజు ఉండాలని పట్టుబట్టండి. దూరప్రయాణానికి బయల్దేరే ముందు ఒక విడి లింకు కొని టూల్ బాక్సులో వేసుకోండి. అప్పుడు రాత్రి పదకొండుకు సాత్తూరు దగ్గర బండి ఆగిపోయినా 'డైరెక్టు' ఇమ్మని ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.